లేని పుస్తకంలో రెండువందల పద్నాలుగో పుట

మొన్న మా అమ్మాయి తన పరిశోధన వ్యాసంలో ఒక పద్యపాదం ఎక్కించి, దాని వెనుక బ్రాకెట్లో కవి పేరూ పుట సంఖ్యా కంప్యూటర్ చేత చిటికెలో పెట్టించుకుంటుంటే, ఇబ్రహీంపట్నం నుంచి రోజూ బస్సులో నిలబడి నగరానికి పోయి ఎం.ఏ. చదివిన రోజులు నా కళ్ల ముందు తిరిగాయి.

కోతలు కోయడం నాకు చిన్నప్పటి జబ్బు. ఆ చివరి ఏడాది నాట్ల పాటల మీద వ్యాసం రాస్తూ మా మేనత్త పాడే పాటొకటి ఎత్తి రాశాను కానీ, బురదలో వంగి నాట్లేసే మనిషి పేరు బ్రాకెట్లో పెట్టడం నాకు నామోషీ అనిపించింది. అందుకని ఒక కవిని పుట్టించి, ఇంటిపేరు తగిలించి, అతని చేత పుస్తకం కూడా అచ్చు వేయించి, రెండువందల పద్నాలుగో పుటలో ఆ పాటను కూర్చోబెట్టాను. మా సారు ఆ పుస్తకం చూపమన్నారు. ఉన్న ఒక్క ప్రతినీ చెదలు తిన్నాయన్నాను.

"అయితే గా చెదలనే పట్కరా, నేను అడుగుత. సోమవారం దాకా చూస్త. తేకుంటే సంతకం లేదు, డిగ్రీ లేదు."

ఎట్లాగైనా ఆ సంతకం సంపాదించాలని పంతం పట్టి, మరునాడు పొద్దున్నే కాగితాలతో మేనత్త నాట్లేస్తున్న పొలానికే పోయాను. పేరు రాసుకుంటానంటే ఆమె నడుం ఎత్తకుండానే నవ్వింది.

"నా పేరెందుకురా? గిది మా అత్త పాట. మొదలు ఆమెది రాయి, ఎన్కకు నాది రాయి. ఉట్టిగనే చెప్తననుకున్నవా? దిగు, జర నారు అందియ్యి."

మా వైపు నాట్లలో పాట ఎత్తుకునే మనిషి, అది ఎవరి దగ్గర నేర్చుకున్నదో చెప్పి గానీ గొంతు విప్పేది కాదు. ఆ మాటను ఊసుపోక చెప్పేదనుకుని ఇన్నాళ్లూ నేను రాసుకోకుండా వదిలేశానని మోకాలి లోతు బురదలో నిలబడ్డాక తెలిసింది. పొద్దు గూకేదాకా నారు అందిస్తూ ప్రతి పాటకూ పాడిన మనిషి, నేర్పిన మనిషి, ఊరు, విన్న రోజు రాబట్టాను. లేని కవిని కొట్టేసి ఆ పేర్లు పెట్టి ఇస్తే, సారు రెండుసార్లు తిరగరాయించి, మూడోసారి సంతకం పెట్టారు.

మేనత్త పోయి చాలా ఏళ్లయింది. ఆ పొలం సగం ప్లాట్లయింది. మిగిలిన సగంలో ఈ ఏడు బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు నాట్లు వేస్తూ ఏదో పాడుకుంటుంటే, గట్టు మీద నిలబడి అది ఎవరి పాటని నా అరకొర ఉర్దూలో అడిగాను. ఒకతను సిగ్గుపడుతూ వాళ్లమ్మ పేరు చెప్పాడు. రాసుకున్నాను. మా ఊరి పాట ఎత్తుకునే గొంతు మాత్రం ఆ మడిలో ఒక్కటీ లేదు.