పెరుగన్నం తిన్న గుర్రపిట్ట

పెళ్ళయ్యేదాకా నేను గుర్రపిట్టను దగ్గరగా చూసిందే లేదు. మాది చీరాల. మగ్గాల మధ్య పెరిగినదాన్ని. అంత బరువు ప్రాణి మగ్గం గుంటలో కాలు పెట్టిందంటే ఇక అంతే సంగతులు కాబట్టి మా వీధుల్లోకి వాటిని రానివ్వరు. చిలకలూరిపేట అవతల మా అత్తగారి ఊరికి వచ్చిన రోజునే, ఇంటి వెనక నుంచి మిరపపండు రంగు మెడ ఒకటి డాబా అంచు దాకా లేచి నన్ను తేరిపార చూసింది. దానికీ నాకూ అదే తొలి పరిచయం. భయంతో నేను మా ఆయన వెనక్కి వెళ్ళాను.

అంత ప్రాణిని పట్టుకుని పిట్ట అనడం ఇక్కడివాళ్ళ వెటకారం. అది ఎగరదు. నడుస్తుంది, మనిషిని మోస్తుంది. ఇన్ని ట్రాక్టర్లు, మోటారుసైకిళ్ళు ఉండగా దీన్నెందుకు మేపడం అని మా ఆయన్ని అడిగాను. వాన పడ్డాక నల్లరేగడిలోకి బండి దించి చూడమన్నారు. చూశాం. బండిని చేలోనే వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చాం. పిట్ట మాత్రం అదే బురదలో ఒక్క మొక్క విరక్కుండా సాళ్ళ మధ్య అడుగులేసుకుంటూ పోయింది.

మా మామగారికి దాని అవసరం అందరికన్నా ఎక్కువ. బ్రాడీపేట ఆసుపత్రిలో మోకాలికి ఆపరేషన్ అయింది. బాగానే జరిగింది గానీ బురదలో నడవొద్దన్నారు. పిట్ట కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఆయన జీను మీదకి ఎక్కేవారు. అది లేకపోతే ఆయనకు చేను లేదు. చేను లేకపోతే ఆయన రోజంతా ఏం చేస్తారో ఊహించడానికే నాకు మనసొప్పేది కాదు. పైగా దాన్ని గుడ్డు నుంచి పెంచింది మా అత్తగారు. ఆవిడ నా పెళ్ళికి ముందే పోయారు.

మధ్యాహ్నం పిట్టకు మేత పెట్టడం ఈ ఊళ్ళో కోడలి పని. కళ్ళంలో రాసుల మీద పడకుండా మిగతా వేళల్లో దాని ముక్కుకు తాళ్ళతో అల్లిన చిక్కం కడతారు. అందుకని మధ్యాహ్నం కోడలు పెట్టే బుట్టెడు ఎండుమిరపకాయలే అది తినే కారం. మొదటిరోజు బుట్ట ముందు పెట్టి చూస్తూ నిలబడ్డాను. ఆ ఘాటుకు నాకే దగ్గు ఆగలేదు. పిట్ట ఒక్కో కాయ మింగినప్పుడల్లా కళ్ళ మీద తెల్లటి పొర వేసి తీస్తోంది. కళ్ళల్లో నీళ్ళు మెరుస్తున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. తరతరాలుగా మూగప్రాణిని ఇలా హింసిస్తున్నారా అని ఒళ్ళు మండిపోయింది. కొత్తకోడలిని, పైకి అంటే బాగుండదు. మర్నాటి నుంచి బేసిన్ నిండా పెరుగన్నం కలిపి పెట్టి, మిరపకాయల్ని తీసుకెళ్ళి పెంటదిబ్బలో పోసి, పైన పత్తికట్టె కప్పేశాను.

పెరుగన్నం దానికి ఎంత నచ్చిందంటే, బేసిన్ చప్పుడుకే గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చేది. నా భయం పోయింది. మామగారు ఆ వేళకు కునుకు తీసేవారు, మా ఆయన పనిలో ఉండేవారు. బియ్యం ఇంత తొందరగా అయిపోతున్నాయేమిటని మా ఆయన ఒకసారి అడిగితే, నాకే ఈమధ్య ఆకలి ఎక్కువైందన్నాను. ఆయన వేరే శుభవార్త ఊహించుకుని రెండు రోజులు ఈల వేసుకుంటూ తిరిగారు. ఆ ఆశ తీసేయడానికి మళ్ళీ ఒక అబద్ధం ఆడాల్సి వచ్చింది.

వానాకాలంలో పిట్ట ఈకలు రాల్చింది. కొత్తగా వచ్చిన ఈకలు తెల్లగా వచ్చాయి.

మామగారు ముందు పట్టించుకోనట్టే ఉన్నారు. రెండో రెక్క కూడా తెల్లబడ్డాక అన్నం సరిగ్గా తినడం మానేశారు. మా ఆయన చెప్తే తెలిసింది, ఈ ఊళ్ళో పిట్ట తెల్లబడిందంటే దానికి వయసైపోయిందని లెక్క. ఇక దాని మీద ఎక్కకూడదు. జీనును పిట్ట ఒంటి మీదే ఉంచి కుడతారు కాబట్టి, కుట్టిన మనిషే వచ్చి ఆ కుట్లు విప్పాలి. తర్వాత దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు దాటాక వచ్చే కొండల్లో వదిలిపెట్టి వస్తారు. ముసలి పిట్టలు అక్కడ గుంపుగా బతుకుతాయట. మంచి ఆచారమే. కానీ వెళ్ళిన పిట్టను మళ్ళీ తెచ్చుకోవడం ఉండదు.

జీనులు కుట్టే సాయిబుగారు ఒక ఉదయం కత్తెర పట్టుకుని వచ్చారు. నేను కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డాను. మామగారు పిట్ట మెడ నిమురుతూ, మా అత్తగారు దాన్ని చీర కొంగులో వేసుకుని తిరిగిన రోజుల గురించి చెప్తున్నారు. సాయిబుగారు రెక్క ఎత్తి చూసి, కాళ్ళు తట్టి చూశారు.

"కాళ్ళు ఇంకా రాయిలాగే ఉన్నాయండి. తెల్లబడకపోతే దీనికి ముసలితనం అని నేననను. జిన్నింగు మిల్లుల దగ్గర పిట్టలు పిల్లప్పట్నుంచీ తెలుపే. పత్తిగింజలు తిని పెరుగుతాయి కదా, వాటికి మిరపకాయ ఎక్కడిది?"

మాది రోజూ బుట్టెడు మిరపకాయలు తినే పిట్ట కదా అని మామగారు నిట్టూర్చారు. సాయిబుగారు నిజమేనని తలూపి, జీను కింద మొదటి కుట్టు వెతుక్కున్నారు. ఆ తెలుపు నా పెరుగన్నం వల్లేనని నాకప్పుడు అర్థమైంది. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. తెరిస్తే ఈ ఇంట్లో నా మాటకు ఇంక విలువుండదు. కత్తెర నోరు తెరుచుకోవడం చూశాక ఇంక ఆగలేకపోయాను.

"మావయ్యగారూ, అది ఏడు నెలల్నుంచి మిరపకాయ ముట్టలేదు. నేను పెరుగన్నం పెడుతున్నాను."

నమ్మరేమోనని వాళ్ళను పెంటదిబ్బ దగ్గరికి తీసుకెళ్ళాను. పత్తికట్టె తీయగానే దాని కింద మిరప మొలకలు నారుమడిలాగా దట్టంగా లేచి ఉన్నాయి. మామగారు వాటినీ నన్నూ మార్చి మార్చి చూశారు. పెరుగన్నం ఎందుకు పెట్టావని అడిగారు. నోరు మండుతుందనని చెప్పాను. సాయిబుగారు మొహం అటు తిప్పుకున్నారు గానీ ఆయన భుజాలు ఊగడం నాకు కనిపిస్తూనే ఉంది.

"పిట్ట నోటికి కారం తెలియదమ్మాయ్," అన్నారు మామగారు. అని, అక్కడున్న రాయి మీద కూర్చుని కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. తిడతారనుకున్నదాన్ని, నాకూ ఏడుపొచ్చింది.

జీను విప్పలేదు. కానీ కొత్త ఈక వచ్చేదాకా ఏదీ ఖాయంగా చెప్పలేమని సాయిబుగారు అన్నారు. నేను రోజూ బుట్ట నిండా మిరపకాయలు పోసి, తిన్నంతసేపూ పక్కనే నిలబడేదాన్ని. అది బుట్ట ఖాళీ చేసి, తర్వాత నా వైపు చూస్తూ అలాగే నిలబడేది. మా ఆయన మాత్రం, తనకు అన్నం పెట్టేటప్పుడు కూడా ఎవరికి పెడుతున్నావో చూసుకో అనేవారు.

కొన్ని వారాలకు, పొద్దున్నే మామగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నన్ను పిలిచారు. పిట్ట రెక్క ఎత్తి పట్టుకుని చూడమన్నారు. తెల్లటి ఈకల మధ్య గోరంత మొలక. ఎర్రగా ఉంది. ఆ పిట్ట మెడనే పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. అది కదలకుండా నిలబడింది.

మామగారు రెక్క దించి, "మిరపకాయలయ్యాక రెండు ముద్దలు పెరుగన్నం కూడా పెట్టమ్మాయ్. నువ్వు మానేసిన దగ్గర్నుంచి నేను ఎక్కుదామంటే అది కూర్చోవట్లేదు," అన్నారు.

ఇప్పుడు మా పిట్ట ఒళ్ళంతా ఎరుపే. కుడి రెక్క అంచున ఒక్క ఈక మాత్రం ఏటా తెల్లగానే వస్తుంది. ఇదేమిటని ఎవరైనా అడిగితే, నేను లోపలికి తప్పుకునేలోపే, అది మా కోడలు పెట్టిందని మామగారు చెప్పేస్తారు.