పదకొండుమందికీ డెబ్భై నాలుగేళ్లు

మా తాత ప్యో గిల్‌మాన్‌ను కంప్యూటరు రెండుసార్లు దెబ్బతీసింది. మొదటిసారి కూడు తీసింది, రెండోసారి పరువు. మొదటి దాంట్లో తన తప్పేమీ లేదనీ, రెండోది మాత్రం పూర్తిగా స్వార్జితమనీ ఆయనే అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకుంటాడు.

గున్సాన్ ఊళ్లో చేపల మార్కెట్టు పక్కన, బీరువా అంత కొట్లో నలభై ఏళ్లు కూర్చుని తాళంచెవులు కోశాడు, సంతకానికి బదులు వేసే పేర్ల ముద్రలు చెక్కాడు. ఇళ్లకు అంకెలు నొక్కే తాళాలు వచ్చాయి. బ్యాంకులో ముద్ర వేయక్కర్లేదు, వేలితో గీస్తే చాలన్నారు. కొట్టు మూతబడింది. ఇక మిగిలింది పేటలోని పెద్దల విశ్రాంతి గది. అక్కడి పదకొండుమంది సభ్యుల్లో ఆయనే చిన్నవాడు. చిన్నవాడు గనుక బార్లీ టీ కెటిల్ ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. డెబ్భై దాటాక కుర్రాడి ఉద్యోగం దొరికిందని ఆయన నవ్వేవాడు. మోకాళ్లు మాత్రం నవ్వేవి కావు.

ఆ చలికాలం గదికి కార్యదర్శి పదవి ఖాళీ అయింది. తాతకు అది కావాలి. తాను ఇంకా దేనికో ఒకదానికి పనికొస్తానని ఎవరైనా అంటే వినాలని ఆశ. ఎవరి వయసెంత, ఈ ఏడు ఎవరు ఎనభైలో పడతారు, ఎవరికి విందు చేయాలి అన్నవన్నీ ఒక చిరిగిన నోటుపుస్తకంలో ఉండేవి. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తాననీ, కొత్త సంవత్సరం వెళ్లిన మూడో రోజున అందరి ముందూ చూపిస్తాననీ నోరు జారాడు. అప్పటికి ఆయన సంక్షేమ కేంద్రంలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకోబట్టి అయిదు వారాలు. అందులో రెండు వారాలు మౌసు పట్టుకోవడానికే పోయాయి.

పాఠం చెప్పేది ఇరవై ఆరేళ్ల సన్ హారిమ్. ఆ వారం క్లాసు అంటే ఏమిటో, ఆబ్జెక్టు అంటే ఏమిటో చెప్పింది. వీధి మలుపులో చేప ఆకారంలో తీపి రొట్టెలు పోసే ఇనప అచ్చును గుర్తు తెచ్చుకోమంది. అచ్చు క్లాసు. దాన్ని ఎవరూ తినరు. అందులోంచి వచ్చే ఒక్కో చేపా ఒక ఆబ్జెక్టు. రూపం అన్నిటికీ ఒకటే, లోపలి పూర్ణం దేనిది దానిదే, ఒకదాంట్లో తీపి గింజల ముద్ద, ఇంకోదాంట్లో కస్టర్డు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది అచ్చులో రాయాలి, ఎవరికి వారిదైనది చేపలో రాయాలి.

తాత అందరికంటే ముందు తలూపాడు. ఆయన జీవితంలోని నష్టాల్లో సగం అలా ముందుగా తలూపి తెచ్చుకున్నవే.

ఇంటికొచ్చి 'సభ్యుడు' అని ఒక అచ్చు రాశాడు. పేరు ఎవరిది వాళ్లది, సరే. మరి వయసు? ఆయన లోతుగా ఆలోచించాడు. కొత్త సంవత్సరం పొద్దున బియ్యపు బిళ్లల సూపు తాగగానే, పాత లెక్కలో పుట్టినరోజుతో పనిలేకుండా, ఊరు ఊరంతా ఒకేసారి ఒక ఏడు పెరుగుతుంది కదా. ఇంతకంటే ఉమ్మడిది ఏముంటుంది? వయసును తీసుకెళ్లి అచ్చులో పెట్టాడు. తర్వాత మర్యాద ప్రకారం పెద్దల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరూ వయసూ ఎక్కించాడు. తొంభై ఒక్కేళ్ల పెద్దావిడ మా బోంగ్‌న్యే ('మా' ఆమె ఇంటిపేరు) మొదట, డెబ్భై నాలుగేళ్ల తాను చివర.

మూడో రోజున గదిలో తెర వెలిగింది. మా బోంగ్‌న్యే, 74. తక్ ఇన్‌మో, 74. అలా పదకొండు పేర్లు, పదకొండు డెబ్భై నాలుగులు.

బోంగ్‌న్యే కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"అయితే మనిద్దరం ఒక ఈడువాళ్లమా గిల్‌మాన్?"

"అక్కా, అది పొరపాటు..."

"అక్కేంటి, ఈడువాడివి. పేరు పెట్టి పిలువు."

ఈ ఏడు ఎనభైలో పడిన తక్ ఇన్‌మో మొహం వాడిపోయింది. "మరి నా విందో?"

"ఆరేళ్లు ఆగు," అంది బోంగ్‌న్యే.

గదంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కంప్యూటరు పాతది అనొచ్చు, కరెంటు మీదకి తోసెయ్యొచ్చు. ఇద్దరు ముగ్గురు జాలిపడి ఆ మాట అందించారు కూడా. తాత తెరకేసి చూస్తూ నిలబడ్డాడు. పదవి ఎలాగూ పోయిందనుకున్నాడు. నలభై ఏళ్లలో ముద్ర తప్పు చెక్కినప్పుడు నెపం రాయి మీదకి నెట్టలేదు, ఇప్పుడెందుకు అనుకున్నాడు.

"అది చెప్పింది చెప్పినట్టు చేసింది. తప్పు చెప్పింది నేను," అన్నాడు. "ఇది చేప రొట్టెల అచ్చు లాంటిదని పాఠం చెప్పే పిల్ల చెప్పింది. వయసు రాసే చోటు ఆ అచ్చులో ఒక్కటే పెట్టాను. అక్క తొంభై ఒకటి రాశాను. దాని మీద తర్వాతివాళ్లది పడింది. దాని మీద ఇంకొకరిది. ఆఖరికి నాది మిగిలింది. అందరూ దాన్నే చూస్తున్నారు. పెరగడం అందరిదీ, అచ్చులో ఉండాల్సింది అదొక్కటే. అంకె ఎవరిది వాళ్లది."

బోంగ్‌న్యే కొంచెం ఆలోచించింది.

"పూర్ణం చేపలో పెట్టకుండా అచ్చుకి పూశావన్నమాట."

"అంతే అక్కా."

"ఆ పిల్ల చెబితే నీకు అర్థం కాలేదు గానీ, నువ్వు చెబితే నాకైంది." ఆమె మిగతావాళ్ల వైపు తిరిగింది. "కార్యదర్శి పుస్తకం వీడికివ్వండి. దిద్దుకోవడం వచ్చినవాడు నయం. కానీ గిల్‌మాన్, టీ తాగాక దిద్దు. అందాకా అందరం ఒక ఈడే. ఎవరి టీ వాళ్లు పోసుకుందాం."

ఆ ఒక్క పూట తాత కూర్చుని తాగాడు. ఆ గదిలో చేరాక మొదటిసారి టీ వేడిగా ఉందట.

తర్వాత వయసును అచ్చులోంచి తీసి చేపల్లోకి మార్చాడు. తెర మీద అంకెలు ఎవరివి వాళ్లకు చేరాయి. బోంగ్‌న్యే తొంభై ఒకటి, ఇన్‌మో ఎనభై, విందుతో సహా. చిట్టచివర ప్యో గిల్‌మాన్, 74, అందరిలోకీ చిన్న. తన చేత్తో తానే దిద్దుకున్నాడు మరి. పది కప్పులు ఆయన వైపు చాచుకున్నాయి.

ఒక రౌండు పోశాక కార్యదర్శి ముద్ర ఇవ్వబోయారు. రెండు చేతులా అందుకోవాలి గనుక కెటిల్ కింద పెట్టాడు. అందుకుని, జేబులో వేసుకుని, మళ్లీ కెటిల్ ఎత్తాడు.