విమానం మోటరుకు నేను కనిపెట్టిన జబ్బు

కదలని విమానాన్ని కూల్చిన మొనగాడు ఈ భూమ్మీద ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. నవ్వడానికి తొందరపడకండి. ఆ పొద్దున నా ముంజేతి వెంట్రుకలు లేచి నిలబడ్డ తీరు గుర్తొస్తే ఇప్పటికీ చెయ్యి నిమురుకుంటాను.

అప్పటికి నేను పానగల్‌లో బోరు మోటర్లు బాగుచేసేవాణ్ని. ఒడ్డున నిలబడి చెవి పెడితే చాలు, మోటరు కాలుతోందో, నీళ్లందక ఉత్తగా తిరుగుతోందో చెప్పేసేవాణ్ని. నాలుగు ఊళ్లు నా చెవిని నమ్మాయి. అందరికన్నా ఎక్కువగా మా అవ్వ నమ్మింది. తాత పేరు మీద కాశీలో గంగలో మునగాలని ఆమెకు మొక్కు. మోకాళ్లేమో రైలు ప్రయాణానికి ఒప్పుకోవు. "విమానంల రెండు గంటలే అవ్వా, నేనుంట గద" అని ఏడాది పాటు బతిమాలి ఎక్కించాను.

వానాకాలం. సీట్లలో కూర్చున్నామో లేదో, నెత్తి మీది సందుల్లోంచి తెల్లటి పొగ దిగింది. చప్పుడు లేదు, వాసన లేదు. మెల్లగా జారివచ్చి అవ్వ నెరిసిన జుట్టును, భుజాలను కప్పేసింది. కాసేపు ఆమె ముఖమొక్కటే గాల్లో నిలిచినట్టు కనిపించింది. అంతలో కాళ్ల కింద ఏదో మూలిగింది. ఆగింది. మళ్లీ మూలిగింది, ఈసారి ఇంకొంచెం పొడుగ్గా. ఆపైన దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి. ముందు సీట్లో ఏడుస్తున్న పసిపాప ఏడుపు ఆపి పైకి చూసింది.

నోరు మూసుకుంటే అది నేనెందుకవుతాను?

"వైండింగ్ కాలింది," అన్నాను.

"ఏందిరా?" అంది అవ్వ.

"మోటరు పోయిందే. పొగ చూడు. కింద బేరింగ్ ఏడుస్తాంది. ఇది లేసిందంటే మల్ల దిగుడు కష్టమే."

వెనక ఇద్దరు లేచి నిలబడ్డారు. అవ్వ మూట చంకన పెట్టుకుంది. "పా, దిగుదాం. మీ తాతకు ఇంటికాడనే దండం పెట్టుకుంట."

ఇప్పుడు దిగితే ఆమె జన్మలో మళ్లీ ఎక్కదు. మొక్కు అక్కడితో ఆఖరు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

ఇంకా తలుపు మూయలేదు. విమానం నడిపే అమ్మాయే లోపలి నుంచి వచ్చి అవ్వ పక్కన వంగింది.

"కూసో అవ్వా. నాది కొల్లాపూర్. ఏమడుగుతవో నన్నడుగు."

"ఆ పొగేంది బిడ్డా?"

"పొగ గాదు, చల్లగాలి. ఉక్కపోతల ఫ్రిజ్ తెరిస్తే రాదా? గట్లనే."

"లైట్లెందుకు ఆరినయి?"

"గిప్పటిదాంక బయటి కరెంటు. ఇగ మన జనరేటర్‌కు మార్చినం."

అది నేను రోజూ చేసే పనే. నా చెవులు వేడెక్కాయి.

"మరి కింద మూలిగేది?"

"సామాన్ల అర తలుపు మూసే పంపు." ఆ అమ్మాయి నావైపు తిరిగింది. "నువ్వేం పని చేస్తవన్నా?"

నేను కిటికీలోంచి ఆకాశాన్ని పరీక్షిస్తున్నాను. అవ్వే చెప్పింది. "పంపులే బాగుచేస్తడు బిడ్డా."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, "లేసినంక కొద్దిసేపటికి చప్పుడు తగ్గుతది. మేమే తగ్గిస్తం. ఫికర్ చెయ్యకుండ్రి" అని లోపలికి వెళ్లింది. అవ్వ మూట కింద పెట్టింది.

లేచాం. కిటికీ నిండా మబ్బు, అటూ ఇటూ ఏమీ లేదు. ఉన్నట్టుండి చప్పుడు తగ్గిపోయింది. నేను కళ్లు గట్టిగా మూసుకుని అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

"కండ్లు తెరువు," అంది అవ్వ. "ఆ పిల్ల తగ్గించింది."

కాశీలో అవ్వ తాత పేరు చెప్పి మూడు మునకలు వేసింది. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైనదొకటి అక్కడ వదిలేయాలి కదా. నేను వంకాయ వదిలాను.

"నువ్వేం ఇడిసినవే?" అన్నాను.

అవ్వ తడి కొంగు పిండుకుంటూ తీరిగ్గా చెప్పింది. "నీ మాట ఇనుడు."

అందుకే గంగమ్మ మీద ఒట్టు, నా చేత్తో విప్పని మోటరుకు ఈ జన్మలో జబ్బు చెప్పను. అది నా కాళ్ల కిందే మూలిగినా సరే.