స్కూటరు దాటినంకనే

మా కోచ్ సారు పోయారు. మంగళవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర సంచీలో గుర్తింపు కార్డు వెతుక్కుంటుంటే ఫోను మోగింది. మా డిగ్రీ కాలేజీ గ్రౌండులో సున్నం గీతలు గీసే అటెండరు చాచా. "బిడ్డా, సార్ పోయిన్రు. హైదరాబాదు దవాఖానల. మాపటికి జహీరాబాదు తీసుకొస్తున్రు. నువ్వు జర రా," అన్నాడు. "చూస్త తియ్ చాచా," అని పెట్టేశాను. ఏడుపు రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు ముందు వచ్చింది కోపం. పందొమ్మిదేళ్లుగా ఆయన నోటి నుంచి ఒక్క మాట వినాలని కాచుకు కూర్చున్నాను. అది చెప్పకుండానే దాటిపోయాడు మహానుభావుడు.

పోయినవాళ్ల మీద కోపమేంటని అమ్మ గొణిగింది. సరే, ముందు మంచే చెబుతాను. అదీ నిజమే కాబట్టి.

ఆయన కాలేజీకి వచ్చినప్పుడు గ్రౌండు గ్రౌండులా లేదు. ఎర్రమట్టి, దాని నిండా రాళ్లు. పరుగు నేర్పుతాడని వెళ్లిన మాకు తలా ఒక మట్టి మోసే గమేళా ఇచ్చాడు. "ఉరుకుడు తర్వాత. ముందు రాళ్లేరుండ్రి," అన్నాడు. నెల రోజులు ఏరాం. నేను కోహీర్ దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చేదాన్ని. సాయంత్రం ఇంటికెళ్తే మోకాళ్ల దాకా ఎరుపే. అది చూసి నాన్న చదువుకు పంపితే మట్టి పనికి పోతున్నావా అని మాన్పించబోయాడు. సారు తన నీలం స్కూటరేసుకుని మూడుసార్లు మా అల్లం చేను దాకా వచ్చాడు.

"ఉరికి ఏం జేస్తది సారూ, ఆడపిల్ల?" అన్నాడు నాన్న.

"ముందు ఉరకనియ్యి పటేలా. ఏం జేస్తదో నువ్వూ నేనూ కూసొని చూద్దాం," అన్నాడు సారు. నాన్న నవ్వేశాడు. నా పరుగు అక్కడే మొదలైంది.

తుపాకీ లేదు, రెండు చెక్కలు టప్పున కొట్టి పరుగు మొదలుపెట్టించేవాడు. స్టాప్‌వాచ్‌ను బొటనవేలితో నొక్కితే ఊరుకునేవాడు కాదు. "బొటనేలు బద్ధకపుది. చూపుడేలు తోటి నొక్కు," అనేవాడు. ఇప్పటికీ నేను లిఫ్టు మీట కూడా చూపుడువేలితోనే నొక్కుతాను. టిఫిను డబ్బాలో ఉడకబెట్టిన శనగలు తెచ్చి, చివర వచ్చినవాళ్లకు ముందు పెట్టేవాడు. పిల్లల్ని ఎండలో నిలబెట్టేవాడు కోచే కాదనేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎనిమిది వందల మీటర్లు నా పందెం. అందులో మొదటి మలుపు అయ్యేదాకా ఎవరి వరుసలో వాళ్లు పరుగెత్తాలి. మలుపు చివర ఒక అడ్డగీత ఉంటుంది. అది దాటాకే లోపలి వరుసకు రావాలి. మా మట్టిలో ఆ గీత రెండు రౌండ్లకే చెరిగిపోయేది. అందుకని సారు రోజూ తన స్కూటరును సరిగ్గా ఆ గీత పక్కన నిలిపేవాడు. "స్కూటరు దాటినంకనే లోపలికి!" అని ప్రతిసారీ అరిచేవాడు. రెండేళ్లు నేను నేల చూడలేదు. నీలం స్కూటరును చూశాను, దాటాను, లోపలికి వచ్చాను.

తర్వాత ఆయన జిల్లా సంఘంలో పెద్ద పదవికి వెళ్లాడు. మనిషి మారడానికి మూడు నెలలు చాలు అనుకుంటా. ట్రాక్ ప్యాంటు పోయి ఇస్త్రీ చొక్కా వచ్చింది, జేబులో రెండు పెన్నులు వచ్చాయి. ముఖ్య అతిథి రాలేదని పిల్లల్ని మిట్టమధ్యాహ్నం వరుసలో నిలబెట్టాడు. తాను నీడలో కూర్చుని దండలు సర్దించాడు. నేను ఆ వరుసలోనే ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

ఆ రోజే, మా గ్రౌండులోనే, జిల్లా ఎంపికలు. రాష్ట్ర పోటీలకు పేరొస్తే పరుగు, లేకపోతే ఇక బంద్ అని నాన్న ముందే చెప్పాడు. పందెం మొదలైంది. మలుపులో ఉన్నాను. నీలం స్కూటరు కనబడింది. దాటాను, లోపలికి వచ్చాను. ఇరవై అడుగుల తేడాతో గెలిచాను.

గీత స్కూటరు దగ్గర లేదు. ఇంకా పది అడుగుల అవతల ఉంది. పెద్ద పదవిలోని మా సారు గారు ఆ రోజు రిజిస్టర్లూ పతకాలూ దింపుకోవడానికి బండిని అక్కడ ఆపారు, అంతే.

జడ్జీలు నసిగారు. "మీ పిల్లనే కద సార్, ఏం జేద్దాం?" అని అడిగారు. నేను రొప్పుతూ ఎదురుగా నిలబడ్డాను. "సార్, స్కూటరు..." అన్నాను. ఆయన స్కూటరు వైపు చూశాడు. నన్ను చూశాడు. పెన్ను తీశాడు. "గీతకు ముందే లోపలికొచ్చింది. పేరు కొట్టెయ్యుండ్రి," అని సంతకం పెట్టాడు. రూలు రూలే, ఒప్పుకుంటాను. కానీ "తప్పు నాది కూడా" అనడానికి ఏ రూలు అడ్డొచ్చింది?

నా పరుగు అక్కడ ఆగింది. ఇప్పుడు ఫ్యాక్టరీలో షిఫ్టు హాజరు చూస్తాను.

మూడేళ్ల కింద మా ఫ్యాక్టరీ ఆటల పోటీలకు ఆయనే ముఖ్య అతిథి. జుట్టు నెరిసింది. "బాగున్నవా బిడ్డా?" అన్నాడు. "మీ దయ సార్," అన్నాను, కావాలనే. "ఒకసారి మన గ్రౌండుకు రా. చూసిపో," అన్నాడు. కొత్త ప్రహరీ గోడ చూపించి గొప్పలు పోతాడనుకున్నాను. వెళ్లలేదు.

మంగళవారం సాయంత్రం మాత్రం వెళ్లాను. ఇంటి ముందు షామియానాలో సంఘం వాళ్లు క్రమశిక్షణ, క్రమశిక్షణ అని మైకులో ఊదరగొడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. చాచా నా మొహం చూసి, "గ్రౌండు దిక్కు పోదాం పా," అని లేపాడు. సందు దాటితే గ్రౌండే.

మలుపు చివర, ఒకప్పుడు స్కూటరు ఆగే చోట, ఒక ఇనుప పైపు పాతి ఉంది. పైన ఆకుపచ్చ రేకు జెండా. రంగు వెలిసింది.

"ఇదెప్పుడు పెట్టిన్రు చాచా?"

"నీ పేరు కొట్టేసిన్రు సూడు, గా మరుసటి దినమే. సిమెంటు సారే కలిపిండు. నన్ను ముట్టనియ్యలే. గప్పటి సంది స్కూటరు గేటు లోపలికి తేనేలే."

అంటే తెలుసు. మరుసటి రోజుకే తెలుసు. ఇనుప పైపుకు చెప్పుకున్న మాట నాకెందుకు చెప్పలేదు సార్? పెన్ను తీయడానికి ఒక్క క్షణం పట్టింది, నోరు తెరవడానికి పందొమ్మిదేళ్లు చాలలేదా? రెండు చేతులా పట్టుకుని ఆ పైపును ఊపాను. కదల్లేదు.

"ఊడదు బిడ్డా. మోకాలి లోతు తవ్విండు," అన్నాడు చాచా.

అప్పుడు ఏడిచాను. దుఃఖమో కోపమో నాకే తెలియదు. చెప్పులు విడిచి, పరుగు మొదలయ్యే గీత దగ్గరికి పోయి నాలుగో వరుసలో నిలబడ్డాను. మలుపు పొడుగునా నడిచాను, పరుగెత్తలేదు. జెండా దాటాను.

"ఇగ లోపలికి రావొచ్చు బిడ్డా!" అని అరిచాడు చాచా.

నేను రాలేదు. నా వరుసలోనే నిలబడ్డాను. వెనక రేకు జెండా గాలికి టపటపా కొట్టుకుంటోంది.