గట్టు కోసం గెలిచిన ఉప్పలమ్మ

ఉప్పలమ్మకు కోపమొస్తే మాట ఆగదు, నవ్వొస్తే నవ్వు ఆగదు. ఉడుములగూడెంలో ఆమె గొంతు వినబడని రోజంటూ ఉండదు. నలభై దాటిన మనిషి, అయినా భర్త బిక్షం కంటే ముందే గట్టెక్కి, గొర్రెలను అదిలిస్తూ అక్కడినుంచే ఆయన్ను తిడుతుంది. బిక్షం మాట్లాడడు. ఇద్దరి మాటలూ ఆమె ఒక్కతే మాట్లాడుతుందని ఊరంతా నవ్వుకుంటుంది.

ఊరు మేళ్లచెరువు పక్కనే. ఎటు తవ్వినా రాయే. చుట్టుపక్కల గుట్టలన్నీ ఒక్కొక్కటిగా లారీలెక్కి వెళ్లిపోయాయి. మిగిలింది ఉడుములగట్టు ఒక్కటే. వానలు పడి నాట్లు అయ్యాక గొర్రెలకు ఊళ్లో అడుగు పెట్టే జాగా ఉండదు. ఒక్కటి పొలంలోకి దూరినా రైతు కర్ర పట్టుకుని వస్తాడు. ఆ నెలలన్నీ ఊరి మందలను సాకేది ఆ గట్టే. పైన కుంటలో నీళ్లుంటాయి, చుట్టూ గడ్డి ఉంటుంది. పక్క ఊళ్లో ఇప్పుడు గుట్ట లేదు, గుంత ఉంది. ఆ ఊరి గొర్రెల కాపరులు మందలు అమ్ముకుని మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోస్తున్నారు. ఉప్పలమ్మ మేనత్త కొడుకు కూడా అక్కడే ఉన్నాడు. ఒకసారి అతని భుజం మీద కాసిన కాయలు చూసి వచ్చి, ఆమె రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

అందుకే మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్ పదవి బీసీ మహిళకు రిజర్వు అయిందని తెలియగానే ఉప్పలమ్మ లేచి నిలబడింది.

"కుర్సీల మనోళ్లుంటే గట్టు మీద ఎవడు సెయ్యేస్తడో సూస్త" అంది.

"మనకెందుకే గాళ్ల పంచాయితీ?" అన్నాడు బిక్షం. ఆయన ఆ నెలలో అన్న పెద్ద మాట అదే.

పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. పార్టీలు మాత్రం దర్జాగా ఉంటాయి. ఒక పార్టీ ఉప్పలమ్మ వెనక నిలబడింది, అవతలి పార్టీ చంద్రకళ వెనక. చంద్రకళ వాళ్ల ఆయన కిరాణా కొట్టు నడుపుతాడు. ఉప్పలమ్మకు కత్తెర గుర్తు, చంద్రకళకు ఉంగరం. గుర్తు వచ్చినంత మాత్రాన ఓట్లు వస్తాయా? జీపులు, మైకు, జెండాలు, ఇంటింటికీ కోడి, సాయంత్రానికి సీసా. గొర్రెలు కాసుకునే మనిషికి ఇవన్నీ ఎక్కడినుంచి వస్తాయి? వచ్చాయి. కోదాడ నుంచి జితేందర్ వచ్చాడు.

జితేందర్ లారీ ఓనర్ల సంఘానికి అధ్యక్షుడు. రెండు కంకర క్రషర్లున్నాయి. సంఘమంటే నలుగురికి మంచి చేసేదని నమ్మేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్లకో దండం! ఆయన డబ్బు మూటతో రాలేదు. అలా వచ్చి ఉంటే ఉప్పలమ్మ వాకిట్లోనే కడిగేసేది. భార్యను వెంటబెట్టుకుని, చీర, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు తీసుకుని వచ్చాడు.

"నీకు అన్నదమ్ములు లేరంట గదా చెల్లె. అమ్మానాన్న పోయినంక ఒడిబియ్యం పోసినోళ్లే లేరంట. మేమున్నాం. కూర్చో" అన్నాడు.

ఉప్పలమ్మ పుట్టిల్లు పెద్దవూర. తల్లిదండ్రులు పోయాక ఆ ఇంటి తలుపు ఆమెకు మూతపడింది. తోటి ఆడవాళ్ల ఒళ్లో అన్నలు బియ్యం పోస్తుంటే పాటలు పాడిందే తప్ప, తన ఒడి పట్టింది లేదు. జితేందర్ భార్య దోసిళ్లతో బియ్యం పోస్తుంటే ఉప్పలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. మూడోనాడు ఆ బియ్యం వండి, ఆనవాయితీ ప్రకారం వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచి పెట్టింది. అందరూ తిన్నారు. "మంచి అన్న దొరికిండే నీకు" అన్నారు.

ఇక అడిగేదేముంది? ఒళ్లో బియ్యం పోసిన అన్నను "ఈ ఖర్చంతా ఎందుకు పెడుతున్నవ్?" అని ఏ చెల్లెలు అడుగుతుంది? అడగాల్సింది. ఆ ఒక్క మాటా అడగలేదు, అక్కడే దెబ్బతింది.

ప్రచారంలో ఆమె ఒకటే మాట చెప్పింది. "నేను గెలిస్తె గట్టు మీద మన్ను పెళ్ల గూడ కదలనియ్య!" పక్కనే నిలబడి జితేందర్ చప్పట్లు కొట్టాడు. విందులకు పొట్టేళ్లను బిక్షం దగ్గరే కొన్నాడు, మంచి ధరకే. కత్తెర గెలిచింది. గులాల్ చల్లుకుంటూ ఊరంతా తిరిగారు. వార్డు మెంబర్లలో ఎక్కువమందిని కూడా ఆయనే గెలిపించాడని ఉప్పలమ్మ పట్టించుకోలేదు. ఆ మెంబర్లు ఉపసర్పంచ్‌గా తమలో ఒకడైన సైదయ్యను ఎన్నుకుంటే, మంచోడే కదా అనుకుంది.

ఎండలు మొదలవుతుండగా జితేందర్ మళ్లీ వచ్చాడు. ఈసారి భార్య రాలేదు.

"చెల్లె, ఉడుములగట్టు మీద క్వారీకి దరఖాస్తు పెట్టాం. పంచాయతీకి అభ్యంతరం లేదని చిన్న తీర్మానం గావాలి. అంతే."

ఉప్పలమ్మకు మొదట నవ్వొచ్చింది. తమాషాకు అంటున్నాడనుకుంది. ఆయన మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

"అన్నా, నేను ఓట్లడిగిందే గట్టు కోసం గదనే. నువ్వు పక్కనే ఉంటివి. సప్పట్లు గొడితివి."

"ఎన్నికల్లో వంద అంటాం. ఏం పర్లేదు, నిదానంగా ఆలోచించు."

"ఆలోచించేదేం లేదు. నేను పెట్ట సంతకం."

జితేందర్‌కు కోపం రాలేదు. మంచినీళ్లు తాగి, గ్లాసు జాగ్రత్తగా అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆయన అరిచి ఉంటే ఉప్పలమ్మ కూడా అరిచేది, కడుపులో మంట కొంతైనా చల్లారేది. ఆ నెమ్మది చూసి ఆమెకు భయం పుట్టింది.

మర్నాడు సిగ్గు విడిచి చంద్రకళ కొట్టుకు వెళ్లింది. ఓడిపోయిన మనిషి గుమ్మం తొక్కడమంటే మాటలు కాదు.

"వదినె, నీకూ నాకూ ఎన్ని మాటలైనా అయినయ్ గని, గట్టు అందరిది. నీ మెంబర్లు ముగ్గురు నా దిక్కు నిలబడితే, మనిద్దరం కలిసి ఊరిని లేపుదం."

చంద్రకళ పప్పు తూచడం ఆపింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"కూసో ఉప్పలమ్మా. మా ఆయన గుండె ఆపరేషన్‌కు దవాఖానల పైసలు కట్టింది ఎవరనుకున్నవ్? జితేందరన్నే. నా జీపులకు డీజిల్ పోయించింది గూడ ఆయనే."

"నీకా? నువ్వు అవతలి పార్టీ గదనే!"

"ఇవతల, అవతల అన్నది మనకే. ఆయనకు ఏ పార్టీ అయితేంది? నేను గెలిస్తె నేను పెడుదును ఆ సంతకం. నువ్వు గెలిస్తివి. గంతే."

చంద్రకళ అది పొగరుతో అనలేదు, ఆమె కళ్లలో నీళ్లున్నాయి. కత్తెరకూ ఉంగరానికీ మధ్య ఊరు రెండుగా చీలి, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఆ కొట్లాటంతా ఒకే చెయ్యి ఆడించిందా! ఇంటికొస్తూ దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది.

పంచాయతీ సమావేశం నోటీసు వచ్చింది. ఉప్పలమ్మ ఒక్కటే లెక్క వేసుకుంది. కులం కూర్చున్నప్పుడు పెద్దమనిషి రాకపోతే పంచాయితీ మొదలు కాదు, ఎంత పొద్దుపోయినా ఆయన కోసం ఆగుతారు. ఆమె పుట్టి పెరిగిన రివాజు అది. సర్పంచ్ లేకుండా వీళ్లేం చేస్తారు? ఆ రోజు పొద్దున్నే మందను తోలుకుని గట్టెక్కింది. ఫోన్ మోగితే ఎత్తలేదు. కుంట ఒడ్డున కూర్చుని సద్ది తింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది ఆ పూటే.

సర్పంచ్ రాకపోతే ఉపసర్పంచ్ కుర్చీలో కూర్చుంటాడు. చట్టంలో ఉన్న మాటే. సైదయ్య కూర్చున్నాడు, క్వారీ తీర్మానానికి మెంబర్లు చేతులెత్తారు. చంద్రకళ వాళ్లు ముగ్గురూ ఎత్తారు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. అదే ఆమె కుర్చీలో కూర్చుని "కాదు" అని ఉంటే ఆ మాటైనా రికార్డులో ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

తొలకరికి ముందే గట్టు కింద యంత్రాలు దిగాయి. రాయి పేల్చే ముందు సైరన్ మోగితే గొర్రెలు బెదిరి చెట్టుకొకటి పుట్టకొకటి అయ్యాయి. ఆ రోజే కాపరులంతా ఉప్పలమ్మ వాకిట్లోకి వచ్చారు. ఎన్నికలప్పుడు ఆమె ఇంట్లో ఒడిబియ్యం అన్నం తిన్న ఆడవాళ్లూ వచ్చారు.

"గట్టునెంతకు అమ్ముకున్నవే సర్పంచమ్మా?"

"నేను పొయ్యింది గూడ లేదు! నా బిడ్డల మీద ఒట్టు!"

"పోలేదు గద మరి? ఎందుకు పోలేదు? పొయ్యి ఎందుకు ఆపలేదు?"

ఒకామె దుమ్మెత్తి పోసింది. ఎన్నడూ నోరెత్తని బిక్షం ముందుకొచ్చి, "నా భార్య రూపాయి ముట్టలేదు. ముట్టిందన్నోడు నా ముంగటికి రాండ్రి!" అని అరిచాడు. ఆయన గొంతు అంత పెద్దదని ఊరికి ఆ రోజే తెలిసింది. జనం గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

లోపలికొచ్చి బిక్షం గోడకానుకుని కూర్చున్నాడు. ఉప్పలమ్మ మంచినీళ్లిస్తే చేతిలోనే పట్టుకున్నాడు, తాగలేదు. తలెత్తి ఆమెను చూశాడు.

"ఉప్పలా, వాళ్లు పొయ్యిన్రు. జర నాకన్న నిజం చెప్పు. ఎంతిచ్చిండు?"

"నువ్వు గూడనా?"

"తిడతలేనే." ఆయన గొంతులో కోపం లేదు, ఆశ ఉంది. "ఇచ్చి ఉంటే మంచిదే గద. నాట్లు దగ్గరికొచ్చినయ్. కాలువ కింద పడావున్న బీడు భూమి ఏదన్న కిరాయికి పట్టి మందను బతికించుకుందుము. ఇచ్చిండనే చెప్పు."

ఉప్పలమ్మ రెండు చేతులూ ఆయన ముందు చాపి చూపించింది. బిక్షం ఆ చేతులను చూసి, నీళ్లగ్లాసు కింద పెట్టి, గొర్రెలు కొనే బేరగాడికి ఫోన్ చేయడానికి బయటికి నడిచాడు.