లోపలికి తిప్పిన చెప్పులు

దెయ్యాలకు భయపడే తీరిక నాకెప్పుడూ లేదు. నర్సుగా ఇరవై ఏళ్ల సర్వీసు, అందులో పదమూడేళ్లు మస్కట్‌లోనే. పోయినవాళ్ల కళ్లు మూసిన చేతులివి. కొత్తగా చేరిన అమ్మాయి ఎవరైనా వచ్చి "సిస్టర్, ఆ మంచం దగ్గర ఏదో శబ్దం" అంటే, ముందు ఆక్సిజన్ గొట్టం చూసి రమ్మని కసురుతాను. ఎప్పుడు చూసినా గొట్టమే లీకవుతూ ఉంటుంది.

పైగా మేం క్రైస్తవులం. మాది నరసాపురం దగ్గర. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారని నమ్ముతాం గానీ, మన గుమ్మాల్లో తచ్చాడతారని కాదు. అందుకే ఈ సంగతి మా పాస్టరుగారికి కూడా చెప్పలేదు.

మా ఆయన ప్రభాకర్ దుక్మ్‌లో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగ్ ఫోర్‌మన్. మస్కట్ నుంచి ఎడారి రోడ్డు మీద ఆరు గంటల ప్రయాణం. రెండు వారాలకోసారి గురువారం సాయంత్రం వచ్చి, శనివారం మధ్యాహ్నం వెళ్లిపోయేవారు. మా కాపురం అంతా ఆ రెండు రోజుల్లోనే ఇరికించుకునేవాళ్లం.

యార్డులో ఆయన పై ఇంజనీరు మొరి గారని ఒక జపాన్ పెద్దాయన. ఒక శుక్రవారం మా ఇంటికి భోజనానికి వచ్చారు. గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి అడుగుపెట్టి, వెంటనే వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చుని, ఆ బూట్ల మొనలు బయటి వైపు ఉండేలా తిప్పి పెట్టారు. తనవే కాదు, మా చెప్పులన్నీ అలాగే వరసగా సర్దారు. వచ్చీ రాగానే వెళ్లిపోవడానికి తయారైపోయాడు, ఏం తప్పు చేశామో అనుకుని, చేపల పులుసు దగ్గర పడకుండానే వడ్డించేశాను. ఆయన మాత్రం మూడుసార్లు పెట్టించుకుని తిన్నారు.

ఆయన వెళ్లాక మా ఆయన పడీ పడీ నవ్వారు. "వాళ్లల్లో అది మర్యాదే బాబూ. ఎల్లేటప్పుడు తడుముకోకుండా తొడుక్కోడానికంట."

ఆ అలవాటు ఈయనకీ అంటుకుంది. ఇంటికి రాగానే తన గోధుమరంగు తోలు చెప్పులు బయటికి తిప్పి పెట్టేవారు. నాకు ఒళ్లు మండేది. రెండు వారాలు ఎదురుచూస్తే వచ్చిన మనిషి, వచ్చిన నిమిషం నుంచే వెళ్లడానికి సిద్ధంగా ఉన్నట్టు ఆ చెప్పులు! ఆయన స్నానానికి వెళ్లగానే వాటిని లోపలికి తిప్పేసేదాన్ని. ఆయన చూసి మళ్లీ బయటికి. నేను మళ్లీ లోపలికి.

"చెప్పులు ఇటు తిప్పేత్తే నేను ఆగిపోతాననా?" అనేవారు.

"ఆగకపోయినా పర్లేదండి. ఆగమన్నానని మీకు తెలవాలి కదా" అనేదాన్ని.

పెళ్లీడుకొచ్చిన కూతురున్న వాళ్లం, ఈ చిన్నపిల్లల ఆట ఎవరికి చెప్పుకుంటాం? అందుకే ఎవరికీ చెప్పలేదు. విజయవాడలో చదువుకుంటున్న మా అమ్మాయికి కూడా తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆయన బయలుదేరే ముందు ఇద్దరం గుమ్మం దగ్గర నిలబడి చేతులు పట్టుకునేవాళ్లం. నేను ప్రయాణం కోసం ఒక్క నిమిషం ప్రార్థన చేసేదాన్ని. మా ఇళ్లల్లో పాలకొల్లు వెళ్లినా ప్రార్థన లేకుండా గడప దాటరు.

రెండేళ్ల కిందట, ఆ చివరి శనివారం నేను ప్రార్థన చేయలేదు.

దుక్మ్ ఉద్యోగం ఆ ఏడాదితో వదిలేసి మస్కట్‌లో చూసుకుంటానని ఆయన మాటిచ్చారు. తీరా చూస్తే, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పొడిగించుకున్నారు. అమ్మాయి చదువు కోసమేనని నాకూ తెలుసు. అయినా కోపం ఆగలేదు. శుక్రవారమంతా మాట్లాడలేదు. శనివారం ఉదయం డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలో బయటికి తిరిగి ఉన్న చెప్పులు చూశాను. మొదటిసారి వాటిని తిప్పకుండా దాటుకుని వెళ్లి, గోడవైపు తిరిగి పడుకున్నాను.

మధ్యాహ్నం ఆయన గది తలుపు దగ్గరికి వచ్చారు. "రూతమ్మా, ప్రార్థన చేత్తావా?" అన్నారు. నేను మెలకువగానే ఉన్నాను. పలకలేదు. ఆయన కాసేపు నిలబడ్డారు. తర్వాత వీధి తలుపు చప్పుడు కాకుండా వేసిన చప్పుడు వినబడింది. నిద్రపోతున్నాననుకుని అలా వేశారో, నిద్రపోవడం లేదని తెలిసీ వేశారో నాకు తెలియదు.

దారిలో కారుకు ఒంటె అడ్డొచ్చింది. ఆ సాయంత్రం కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, స్వయంగా ఫోన్ చేశాడు.

పోలీసులు ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లో ఆయన పర్సు, వాచీ, ఆ గోధుమరంగు చెప్పులు ఉన్నాయి. ఒకదానికి పట్టీ తెగింది. నరసాపురంలో ఆయన్ని సమాధి చేసి, అమ్మాయి చదువు ఉంది కాబట్టి మళ్లీ మస్కట్ వచ్చాను. ఆ చెప్పులు ఎప్పటి చోటే, గుమ్మం లోపల పట్టా మీద, మొనలు ఇంటి లోపలికి ఉండేలా పెట్టాను. రోజూ వాటి చుట్టూ ఊడ్చాను తప్ప కదపలేదు.

మొరి గారు అప్పటికే రిటైరై తన ఊరు వెళ్లిపోయారు. మా ఇద్దరినీ రమ్మని పాత పిలుపు ఒకటి ఉంది. ఈ ఏడాది మళ్లీ ఉత్తరం రాశారు. మా అమ్మాయి పట్టుబట్టింది. "నాన్న నీకు చూపిస్తానన్నాడు కదమ్మా, నువ్వే చూసిరా" అంది. వసంతకాలంలో వారం రోజులు సెలవు పెట్టి ఒక్కదాన్నే బయలుదేరాను. బయలుదేరే ముందు తలుపు దగ్గర పెట్టెను ఫోటో తీసి అమ్మాయికి పంపాను.

జపాన్‌లో ఆ ఊరికి ఒక్క పెట్టె ఉన్న రైలు వెళ్తుంది. స్టేషన్‌లో దిగింది నేనొక్కదాన్నే. సముద్రానికీ ఇళ్లకీ మధ్య ఎత్తయిన కాంక్రీటు గోడ. తీగల మీద బట్టలు ఆరేసినట్టు ఎండబెట్టిన చేపలు. నడుం వంగిన ముసలమ్మలు వలలు బాగుచేసుకుంటున్నారు. అచ్చం మా రేవు వాసనే. సాయంత్రం ఐదింటికి ఊరంతా వినబడేలా మైకులో ఏదో పాట వస్తుంది, పిల్లలు ఆటలు ఆపి ఇళ్లకు పోతారు. మా ఆయన ఉంటే వలల దగ్గర చేరి, భాష రాకపోయినా బేరం మొదలుపెట్టేవారు. ఆ గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

మొరి గారి భార్య పోయి చాలా ఏళ్లయింది. ఒక్కరే ఉంటారు. గదిలో ఆమె ఫోటో పక్కన, హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న మా ఆయన ఫోటో ఉంది. రోజూ పొద్దున్నే ఇద్దరికీ టీ పెడతారు. ఫోటోల ముందు పెట్టడం మా పద్ధతి కాదు. అయినా మా ఆయనకు చక్కెర ఎక్కువ కావాలని చెప్పాలనిపించింది. చెప్పాను. మర్నాటి నుంచి చక్కెర వేశారు.

అక్కడున్న మూడు రోజులూ, నేను ఎప్పుడు లోపలికి వచ్చినా నా బూట్లు బయటికి తిప్పి ఉండేవి. మొరి గారి పనే.

నాలుగో రోజు ఉదయం తొమ్మిది దాటాక బయలుదేరాను. రైలు పదిన్నరకి. పెట్టె లాక్కుంటూ గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయాను. నా బూట్లు లోపలికి తిరిగి ఉన్నాయి. పక్కపక్కన, మొనలు నా వైపే చూస్తూ.

మొరి గారు వంటింట్లోంచి వచ్చి చూసి కంగారుపడిపోయారు. అతిథి బూట్లు అలా ఉంచడం ఆయనకు పెద్ద అవమానం. నడుం వంచి ఒకటే క్షమాపణలు. గల్ఫ్‌లో మనవాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీలో, "సిస్టర్, మై సుబహ్ సీధా కియా థా" అన్నారు. పొద్దున్న తానే సరిగ్గా పెట్టానంటున్నారు. వీధి తలుపు గడియ వేసే ఉంది. ఇంట్లో మేమిద్దరమే.

తిప్పడానికి ఆయన వంగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ప్రభాకర్ మీతో చెప్పుల గురించి ఎప్పుడైనా ఏమైనా చెప్పారా అని అడిగాను. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. రెండుసార్లు అడిగినా తల అడ్డంగానే ఊపారు.

బూట్ల ఎదురుగా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాను. చనిపోయినవారి కోసం ప్రార్థన చేయకూడదని మా సంఘంలో చెబుతారు. తెలిసే చేశాను. ఆ శనివారం చేయాల్సిన ప్రార్థన, ఉన్నదున్నట్టు, ఎప్పుడూ చేసే మాటలతోనే. ప్రభువా, ఈ ప్రయాణంలో ఆయనకు తోడుగా ఉండు, క్షేమంగా చేర్చు అని. పక్కన మొరి గారు మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించారు. తర్వాత బూట్లు నేనే తిప్పుకుని తొడుక్కున్నాను.

విమానంలో తీరిగ్గా ఆలోచించాను. మా ఆయన ఎప్పుడో చెప్పే ఉంటారు, మొరి గారు నా మనసు కుదుటపడాలని అలా చేసి ఉంటారు అనుకున్నాను. అలా అనుకుంటే అంతా సరిపోయింది. మొరి గారి మీద ప్రేమే కలిగింది.

మస్కట్‌లో మధ్యాహ్నం ఇంటికి చేరి తలుపు తీశాను. నేను లేని వారంలో గట్టిగా దుమ్ముగాలి వీచినట్టుంది. తలుపు సందులోంచి సన్నటి ఇసుక వచ్చి నేలంతా పరుచుకుంది. అందులో ఒక్క అడుగు జాడ లేదు.

పట్టా మీద ఆయన చెప్పులు బయటికి తిరిగి ఉన్నాయి.

వెళ్లే కంగారులో నా కాలే తగిలిందేమో అనుకున్నాను. కాలు తగిలితే చెప్పులు చెదురుతాయి, పక్కపక్కన వరసగా తిరగవు. అప్పుడు అమ్మాయికి పంపిన ఫోటో గుర్తొచ్చింది. ఫోన్ తీసి పెద్దది చేసి చూశాను. పెట్టె పక్కన, అంచున, తెగిన పట్టీతో సహా కనిపిస్తున్నాయి. మొనలు ఇంట్లోకే ఉన్నాయి. ఆ ఫోటో తీశాక తలుపేసి తాళం వేశాను. ఇంటికి రెండు తాళంచెవులు. ఒకటి నా బ్యాగులో ఉంది. రెండోది ఆయనది, ఆయన పర్సుతోపాటు నరసాపురంలో మా అత్తగారి బీరువాలో ఉంది. వాచ్‌మన్‌ను అడిగాను, ఎవరూ రాలేదన్నాడు.

ఇది జరిగి ఐదు నెలలైంది. ఆక్సిజన్ గొట్టం లీకైనట్టు దీనికీ ఏదో కారణం ఉండే ఉంటుందని ఇప్పటికీ వెతుకుతున్నాను. దొరకలేదు.

రోజూ ఊడ్చేటప్పుడు చెయ్యి అలవాటుగా వాటి మీదికి పోతుంది. లోపలికి తిప్పేయాలనిపిస్తుంది. తిప్పను. ప్రార్థన అయిపోయింది కదా, ఇక ఆయన్ని వెళ్లనివ్వాలి.