వెనక కూర్చున్న నేరం

కండ్లకోయలో కాలేజీ ముందు తాళంచెవితో సహా వదిలేసిన స్కూటీని ఎత్తుకొచ్చింది ఇద్దరు. నడిపింది గౌడవెల్లి నరసింహ పటేల్ మనవడు అన్వేష్. వెనక కూర్చున్నది అదే ఊరి నసీరుద్దీన్ కూతురు అనం. ఇద్దరికీ పదహారేళ్లే. మేడ్చల్ రాకముందే ఇద్దరూ పోలీసులకు దొరికారు.

"పోరడు సరదా పడ్డడు సార్, గా వయసు గసొంటిది" అని పటేల్ స్టేషన్‌లో చాయ్ తాగి, సాయంత్రానికల్లా మనవణ్ని ఇంటికి తీసుకుపోయాడు. అనంకు మాత్రం వయసు లేదట, క్యారెక్టరే ఉందట. "తురకోళ్ల పిల్ల, మొగపోరనెంబడి బండెక్కింది. బయట ఉంటే దానికే ప్రమాదం" అని పోలీసులు తేల్చి, ఆమెను బాలికల హోంలో భద్రంగా దాచారు.

ఇంట్లో అన్వేష్ రెండు రోజులు అన్నం మానేశాడు. సికింద్రాబాద్ డాక్టర్ డిప్రెషన్ అన్నాడు. మనసు తేలికపడాలని తాత కొత్త బండి కొనిచ్చాడు. హోంలో అనం మాటలు మానేసింది. గోడకు ఆనుకుని కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటే పీక్కునేది. కౌన్సెలర్ దుర్గాబాయి ఫైల్లో రాసింది: పొగరు.

దుర్గాబాయి చెడ్డదేం కాదు. నలభై మంది పిల్లలకు ఆమె ఒక్కతే. వాళ్ల మనసులు బాగు చేయమని ఆమె చేతికిచ్చిన మందు ఒక పాత కుట్టుమిషన్.

"సూదిల దారం ఎక్కియ్య నేర్సుకో బిడ్డా, మనసు కుదురైతది."

అనం తల్లి హజీరా ఊళ్లో బట్టలు కుడుతుంది. అనం పదేళ్లకే జాకెట్లకు కాజాలు తీసిన పిల్ల. మిషన్ బెల్ట్ బిగించి, ఆ పూటే హోంలోని చిరిగిన పరదాలన్నీ కుట్టేసింది. ఒక్క క్లాసుకే ఇంత మార్పా అని దుర్గాబాయి మురిసిపోయింది. పొగరు కొట్టేసి, పరివర్తన అని రాసింది.

పదో తరగతి పరీక్షలు పన్నెండు రోజులున్నాయనగా అనంను బాలల న్యాయ బోర్డు ముందుకు పిలిచారు. ఇవాళ వదలకపోతే, తర్వాతి వాయిదా వచ్చేది పరీక్షలయ్యాకే.

రిపోర్టు చదివిన పెద్ద మేడం అడిగింది: "హోంల ఏం నేర్చుకున్నవమ్మా?"

బండి నడిపినోడు ఇంటికి పోతడు, వెనక కూసున్నది హోంకు పోతది అన్న జవాబు అనం నాలుక మీదికొచ్చింది. తలుపు దగ్గర నసీరుద్దీన్ ఆమె హాల్‌టికెట్ పట్టుకుని నిలబడ్డాడు.

"కుట్టు, మేడం."

"శభాష్!"

పరీక్ష మొదటిరోజు పొద్దున హజీరా కళ్లకు సుర్మా పెడదామని, ఇంటికొచ్చినప్పటి నుంచి తల వంచుకునే తిరుగుతున్న కూతురి గడ్డం పట్టి పైకెత్తింది. సుర్మా పుల్ల గాల్లోనే ఆగిపోయింది.

"రెప్పల ఎంటికలేవే?"

"గది రిపోర్టుల లేదమ్మీ. అడగకు. జల్దీ పెట్టు, బస్సు వోతది."